వద్దనలేని మనిషి పుస్తకం

ప్రభుదాసుకు వంకాయ పడదు. తింటే మెడ మీద దద్దుర్లు లేస్తాయి. అయినా నేను ఆయనను మొదటిసారి చూసినప్పుడు వంకాయ కూరే తింటున్నాడు, అదీ రెండోసారి వేయించుకుని. మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్ల మీద సభ పెడితే పోయాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న మనిషి ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో మెడ గోక్కుంటున్నాడు. ఏమైందని అడిగితే సిగ్గుపడుతూ చెప్పాడు.

"వంకాయ నాకు పడదు మేడం. వడ్డించేటాయన ప్రేమతోని ఏసిండు. వద్దంటే ఏమనుకుంటడో అని..."

అప్పుడే లేచి దూరంగా పోయి కూర్చోవాల్సింది. నా ఖర్మ, పోలేదు.

ఇది 2005 సంగతి. మాది కొత్తకోట. హైవే పక్కన మా అబ్బా దావూద్‌కు లారీ బ్యాటరీల దుకాణం ఉంది. దాన్నే సగానికి అట్టలతో అడ్డం కట్టి నేను జిరాక్సు, డీటీపీ, నెట్టు పెట్టుకున్నాను. అటు యాసిడ్ వాసన, ఇటు కంప్యూటర్లు. కొత్తకోటలో ఆడపిల్ల దుకాణం నడపాలంటే నోరు గట్టిగా ఉండాలి. నాకుంది. "అర్షియా దుకాణంల ఉద్దెర అడిగితే తిట్లు హైదరాబాద్ దాంక ఇనిపిస్తయి" అని మా అన్న పర్వేజ్ ఎగతాళి చేసేవాడు. వద్దు, కాదు, కుదరదు, పో. ఈ నాలుగు మాటల మీదే నా బతుకు నడిచింది. అల్లా నన్ను తెచ్చి ఆ నాలుగు మాటలూ నోట్లో లేని మనిషి పక్కన కూర్చోబెట్టాడు.

ఆ సభలో చెప్పిన సంగతి మాత్రం బాగుంది. కొందరు ప్రోగ్రాములు రాసి, లోపలి రాతతో సహా జనానికి ఇచ్చేస్తారట. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచుకోవచ్చు. అడిగేవాడు ఉండడు. పుస్తకాలు కూడా అట్లాగే నలుగురు కలిసి రాసి వదిలేయొచ్చన్నారు. ప్రభుదాసు మెడ గోక్కోవడం మానేసి విన్నాడు. సభ అయిపోయాక బస్టాండు దాకా నా వెంటే నడుస్తూ, "మేడం, గట్ల తెలుగుల ఒక ప్రోగ్రామింగ్ పుస్తకం రాస్తే ఎట్లుంటది? ఇంగ్లీషు రానోళ్లకు?" అని అడిగాడు. "బాగుంటది అన్నా, రాద్దాం" అన్నాను. రెండేళ్లు ఆ ఒక్క మాటకు నేను అనుభవించింది ఇంతా అంతా కాదు.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. గద్వాల దగ్గర పల్లె. తల్లి బాలమ్మ, తండ్రి ఏటా బొంబాయికి మట్టి పనికి పోయేవాళ్లు. ఈయన హాస్టల్లో పెరిగాడు. తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో కంప్యూటర్లు తీసుకుంటే పుస్తకాలన్నీ ఇంగ్లీషు. "లూపంటే ఏందో తెల్వకుండనే లూప్ మీద పది మార్కుల జవాబు బట్టీ పట్టి రాసిన మేడం. సగంల ఒక్క లైను మర్చిపోయిన. ఇగ ముందుకు రాదు, ఎనుకకు రాదు. ఫెయిల్" అని నవ్వుతూ చెప్పాడు. ఆ పేపరు రెండుసార్లు తప్పాడు. తర్వాత ఎవరి దగ్గరో ఒక పాత కంప్యూటర్ మీద ఒకే ఒక్క లైను టైపు చేస్తే, అది తన పేరును తెర మీద వరసగా రాస్తూ పోయింది. ఓరి, గింతేనా అనిపించిందట. మిరప తోటలో సాలు పట్టుకుంటే, చెట్టు ఉన్నంతసేపు కోసుకుంటూ పోవడమే కదా, ఇదీ అంతే కదా, ఈ మాట తెలుగులో ఒక్కడు చెప్పి ఉంటే నాకు రెండేళ్లు మిగిలేవి కదా అని ఆయన బాధ. ఆ బాధ నిజమైనదే. అందుకే నేను ఇరుక్కుపోయాను.

గద్వాలలో చర్చి వెనక ఒక శిక్షణ కేంద్రం ఉండేది. ఒకవైపు కుట్టు మిషన్లు, ఒకవైపు నాలుగు కంప్యూటర్లు. ప్రభుదాసు అక్కడ మాస్టారు. టైపింగ్, ఆఫీసు పనులు నేర్పేవాడు. దాన్ని నడిపే చర్చి కమిటీని బతిమాలి ప్రోగ్రామింగ్ కోర్సు కూడా పెట్టించాడు. పల్లెల నుంచి వచ్చే తెలుగు మీడియం పిల్లలకు అదంటే భయం. పుస్తకం వస్తే భయం పోతుందని ఆయన ఆశ.

మొదట్లో పని ఎంత బాగా సాగిందో. నేను కొత్తకోటలో, ఆయన గద్వాలలో, నాగర్‌కర్నూల్ నుంచి కురుమూర్తి సార్ అని లెక్కల లెక్చరర్. నెట్టు సరిగ్గా లేని రోజుల్లో సీడీల్లో కాపీ చేసి, గద్వాల డిపో హైదరాబాద్ బస్సు డ్రైవర్లకు ఇచ్చేవాళ్లం. వాళ్లకు మా అబ్బా తెలుసు. బస్సు కొత్తకోటలో ఆగగానే కిటికీలోంచి "అర్షియమ్మా, నీ సీడీ!" అని అరిచి విసిరేవాళ్లు. ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలు. అన్నింటినీ వరసగా కుట్టి పుస్తకంగా చేసే చిన్న ప్రోగ్రాం ప్రభుదాసే రాశాడు. దాన్ని నడిపితే చాలు, ఎప్పటికప్పుడు కొత్త పుస్తకం తయారు. మొదటి ఆరు నెలల్లో ఎనభై పేజీలు అయింది. చక్కగా, సన్నగా ఉంది. నెట్‌లో పెట్టాం. కింద రాశాం: ఈ పుస్తకం అందరిదీ, ఎవరైనా రాసి పంపవచ్చు, మార్చవచ్చు అని.

పంపారు. యా అల్లా, ఎట్లా పంపారు!

బెంగళూరు నుంచి ఎవరో, మేము నేర్పే భాష కాదు, వేరే ప్రోగ్రామింగ్ భాష గొప్పదంటూ దాని మీద రెండు అధ్యాయాలు పంపాడు. వనపర్తి నుంచి ఒక డీటీపీ ఆయన కీబోర్డు తుడిచే పద్ధతులు రాశాడు. కురుమూర్తి సార్ సున్నా పుట్టుక మీద నలభై పేజీలు రాశాడు. సున్నాను ఎవరు కనిపెట్టారు, ఎక్కడికి పోయింది, మధ్యలో ఎవరు ఎత్తుకెళ్లారు, అంతా. చదివితే బాగానే ఉంది. కానీ లూప్ నేర్చుకునే పిల్లకు ఎందుకది? నేను ఫోన్ చేసి అడిగాను.

"అన్నా, గది పెట్టినవా?"

"పెట్టిన మేడం. సారు పెద్ద మనిషి. చాలా కష్టపడి రాసిండు. వద్దంటే మనసు నొచ్చుకుంటడు."

"నువ్వు ఎవరికన్న, ఎప్పుడన్న వద్దని చెప్పినవా అన్నా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "గుర్తుకొస్తలేదు మేడం" అన్నాడు.

గుర్తుకెట్లా వస్తుంది, ఎప్పుడైనా అంటే కదా! ఆయన చొక్కాలు భుజాల కిందికి జారుతుంటాయి. ఎందుకంటే దర్జీ కొలత తప్పు తీస్తే, తప్పని చెప్పలేక అట్లాగే తొడుక్కుంటాడు. పక్కింటివాళ్లు వానకు మేకలను తెచ్చి కంప్యూటర్ల గదిలో కట్టేస్తే, క్లాసు బయట వరండాలో పెట్టుకున్నాడు. మొహమాటం అందరికీ ఉంటుంది, నాకూ రవ్వంత ఉంది. ఈయనకు అది జబ్బు. ఆయన భార్య శైలజ ఒకసారి నాతో అంది: "నన్ను పెండ్లి చేసుకున్నది గూడ గట్లనే వదినా. మా నాయిన అడిగిండు, ఈయన కాదనలేకపోయిండు." నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ రోజే పుస్తకం రెండు వందల పేజీలు దాటింది.

నలుగురు కలిసి రాసే పుస్తకానికి ఒకడు కాపలా ఉండాలి. వచ్చింది చూసి, పనికొస్తే చేర్చి, లేకపోతే సారీ అని చెప్పాలి. ఆ కాపలా మనిషి ప్రభుదాసు. దొడ్డికి తలుపే లేకపోతే మనిషిని పెట్టి ఏం లాభం? ఆయన జవాబు అందరికీ ఒక్కటే: "చాలా బాగుంది సార్, తప్పకుండా చేరుస్తాను." నేను కోపం పట్టలేక ఒకసారి మెయిల్లో తిట్టాను. దానికీ అదే జవాబు వచ్చింది. "మీ సూచన చాలా బాగుంది మేడం." రెండేళ్లలో నన్ను మేడం అనొద్దని ఎన్నిసార్లు చెప్పానో. "నీకన్నా చిన్నదాన్ని, నువ్వు అను, చెల్లె అను, ఏమన్నా అను" అన్నాను. "అట్లనే మేడం" అన్నాడు.

రెండో ఏడు క్రిస్మస్ అయ్యాక కమిటీ పెద్ద ఆశీర్వాదం గారు కబురు పెట్టారు. ఆయన తెల్ల పంచె, తెల్ల మీసం, మాట అంటే మాటే.

"జూన్ల కొత్త బ్యాచ్ మొదలైతది ప్రభూ. అప్పటికి నీ పుస్తకం చేతిల ఉండాలె. లేకుంటే ప్రోగ్రామింగ్ బంద్. టైపింగ్, ఆఫీసు చాలు. ఉత్తగ కరెంటు కాల్చుడెందుకు?"

ఇంతటితో ఆగితే బాగుండేది. అచ్చు ఖర్చు కమిటీదే కాబట్టి, ముందు పేజీలో ఆయన సందేశం, ఫోటో ఉండాలన్నారు. సందేశం తొమ్మిది పేజీలు. అందులో ఆయన చిన్నప్పుడు నడిచి బడికి పోయిన సంగతి నాలుగు పేజీలు. ప్రభుదాసు ఏమన్నాడో మళ్లీ చెప్పాలా?

ఆ కోర్సు మీద ఇంకొకరి బతుకు కూడా ఆధారపడి ఉంది. మల్లమ్మ. ఇరవై రెండేళ్లు ఉంటాయి. పదో తరగతి పాసైంది. చిన్నప్పుడు అమ్మానాన్నలతో పూణెలో, బొంబాయిలో గుడారాల్లో పెరిగింది, ఇంక పోను అని పట్టుబట్టి ఊళ్లో ఆగింది. పొద్దున మిరప కోతలకు పోయి, మధ్యాహ్నం సెంటర్‌కు వచ్చేది. చేతులు మంటగా ఉంటాయని మొదట సబ్బుతో కడుక్కుని గానీ కీబోర్డు ముట్టేది కాదు. టైపింగ్‌లో అందరికన్నా ముందుంది. జూన్‌లో ప్రోగ్రామింగ్ కోర్సు నిలబడితే ప్రభుదాసుకు తోడు ఒక మనిషిని జీతం మీద తీసుకుంటారు. ఆ మనిషి మల్లమ్మే కావాలని ఆయన మనసులో ఉంది. ఆమెకూ చెప్పాడు. అప్పటికల్లా ఈ పుస్తకం ఆమె నేర్చుకోవాలి, అంతే.

వేసవి మొదట్లో పుస్తకం ప్రింటు తీసి ఆమె చేతికిచ్చాడు. మూడు వందల పేజీలు దాటింది. వారం తిరగకుండా నాకు ఫోన్ చేశాడు.

"మల్లమ్మ వస్తలేదు మేడం."

"ఏమైంది?"

"ఎండకు కరెంటు లేక వరండాల కూసొని చదివింది. రెండు దినాలు చదివి, సారూ, కంప్యూటర్ ఎప్పుడు ముట్టుకోవాలె అని అడిగింది. ఇంకా ముందు ఉంది అన్న. మరునాడు రాలే."

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను చెప్పలేదా! కురుమూర్తి సార్ సున్నా చదివితే ఎవరన్న ఉంటరా? గా పెద్దయ్య సందేశం చదివితే ఎవరన్న ఉంటరా?"

"ఆమె గంత దూరం పోలే మేడం. సందేశం ఇంకా అచ్చుకు పెట్టలే. సున్నా చాప్టరు నూరో పేజీల ఉంది" అన్నాడు మెల్లగా.

నా కోపంలో ఆ మాట నాకు ఎక్కలేదు. నేను అరుస్తూనే ఉన్నాను. "వద్దనుడు నేర్చుకో అన్నా. ఒక్కసారి అను. చచ్చిపోవు. నువ్వు అనకపోతే నేనే ఇడిచిపెట్టి పోత, నీ పుస్తకం నువ్వే మోసుకో" అని ఫోన్ పెట్టేశాను. అడ్డం కట్టిన అట్టల అవతలి నుంచి మా అబ్బా, "ఎవరిమీద బేటా?" అని అడిగాడు. "మీకు తెలిసిన మనిషి కాదు" అన్నాను. అబ్బాకు ఆయన బాగా తెలుసు. ఒకసారి అబ్బా పాడైన బ్యాటరీ అంటగడితే ప్రభుదాసు మాట్లాడకుండా తీసుకుపోయాడు, తర్వాత మనసు ఒప్పక అబ్బానే గద్వాల బస్సులో కొత్తది పంపాడు.

మే నెల సగంలో మళ్లీ ఫోన్ వచ్చింది. గద్వాల రమ్మన్నాడు. ఎందుకో చెప్పడు. "జర వచ్చి పోండి మేడం" అంటాడు. నేను పుస్తకం ఆగిపోయిందేమో అనుకున్నాను. పొద్దున బస్సెక్కాను. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. ఎండ, దుమ్ము, పక్క సీట్లో కోళ్ల బుట్ట. గద్వాలలో దిగేసరికి నాలో ఎవరినైనా కొట్టేంత కోపం నిండి ఉంది.

సెంటర్‌లో ప్రభుదాసు, శైలజ ఇద్దరే ఉన్నారు. కుర్చీ వేశారు, మంచినీళ్లు ఇచ్చారు, టీ ఇచ్చారు.

"బస్సుల సీటు దొరికిందా మేడం?"

"దొరికింది."

"ఎండ బాగుంది గద?"

"అన్నా, ఎండ గురించి చెప్పనీకె నన్ను పిలిచినవా?"

శైలజ ఆయన వైపు చూసింది. "చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అంది. ఆయన లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. గ్లాసులో నీళ్లు అయిపోయినా ఎత్తి తాగాడు. మెడ గోక్కున్నాడు. ఆ రోజు వంకాయ తిన్నాడా ఏంది అనుకున్నాను.

"అర్షియా" అన్నాడు. మేడం లేదు. "నీ చాప్టరు వద్దు చెల్లె. తీసేస్తున్న."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు.

నా అధ్యాయం గురించి నేనింతవరకు చెప్పలేదు. పుస్తకంలో అదే మొదటిది. 'ఈ పుస్తకం ఎవరిది?' అని పేరు. ఈ పుస్తకం ఎందుకు అందరిదీ అయింది, విద్యకు తాళం వేయడం ఎంత అన్యాయం, కొత్తకోట హైవే మీద ఒక లారీ డ్రైవర్ ఇంకో డ్రైవర్‌కు దారి చెప్పినట్టు తెలిసిన సంగతి ఎట్లా చెప్పుకోవాలి, అన్నీ రాశాను. పుస్తకం నెట్‌లో పెట్టాక ఆరు నెలలు కూర్చుని రాశాను. ఇరవై ఏడు పేజీలు. అది చదివి ఏడ్చానని ఎవరో విజయవాడ నుంచి మెయిలు కూడా పెట్టారు. పుస్తకంలో ఒక్క పేజీ ఉంచితే అదే ఉంచాలని నా లోపల గట్టి నమ్మకం.

"నాదా? సున్నాను ఉంచి నాది తీస్తవా? కీబోర్డు తుడుసుడు ఉంచి నాది తీస్తవా?"

"అన్ని తీస్త. ఎనభై పేజీల పుస్తకం ఎట్లుండెనో గట్ల చేస్త. గని ముందుగాల నీది."

"ఎందుకు ముందు నాది?"

ఆయన ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "బయటోళ్లకు వద్దని చెప్పనీకె నాకు నోరు రాదు. నీకు తెలుసు గద. ఇంట్లోళ్లకైతే చెప్పగలుగుత. నాకు తోడబుట్టినోళ్లు లేరు, నువ్వే నా చెల్లె. నీకు చెప్తే నాకు నోరొస్తది. ఇగ ఎవరికన్న చెప్పొచ్చు. మా చెల్లెదే తీసేసిన, మీదేంది అంట."

"అంటే కొయ్యనీకె పిలిచినవా నన్ను? బక్రీదు మేకనా నేను?"

శైలజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపు వస్తోంది, ఆ నవ్వు చూసి ఇంకా మండింది. రెండేళ్లు వద్దను, వద్దను అని నెత్తిన కొట్టి నేర్పితే, మొదటి వద్దు నా నెత్తిన వేస్తాడా? "దాంట్ల తప్పేముందో చెప్పు. ఒక్క తప్పు చూపియ్యి" అన్నాను.

"తప్పు లేదు చెల్లె. మస్తుగ ఉంది. గని మల్లమ్మ చదివింది అదే. రెండు దినాలు అదే చదివింది."

అప్పుడు ఎక్కింది నాకు, నెల కింద ఫోన్లో ఆయన మెల్లగా చెప్పిన మాట. ఆమె గంత దూరం పోలేదు. మొదటి ఇరవై ఏడు పేజీల్లోనే ఆగిపోయింది. అవి నావి.

"మల్లమ్మను పిలువు. నేను మాట్లాడుత" అన్నాను.

"లేదు. నేను చిన్న పుస్తకం చేసి పట్టుకపోయిన నిన్న. ఒట్టి పనికొచ్చే పేజీలే. ఇంటికి తాళం ఉంది. కూలీల మేస్త్రీతోని పూణె పోయిందంట, వాళ్లమ్మోళ్లు ఉన్నకాడికి." ఆయన కంప్యూటర్ వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "రెండేండ్ల సంది ఎవ్వరి మనసు నొప్పించొద్దని చూసిన. అందరు మంచిగనే ఉన్నరు. ఆ పిల్ల మట్టి పనికి పోయింది. మా అమ్మ చేసిన పనికే పోయింది. నా మొహమాటానికి పోయింది చెల్లె."

ఫ్యాను ఆగిపోయింది, కరెంటు పోయింది. నాకు ఇంకా కోపంగానే ఉంది, అది ఎవరి మీదనో మాత్రం తెలియడం లేదు. చివరికి ఏదో ఒకటి అనాలని, "రాసినోళ్లను అడగకుండ తీసేస్తే ఎట్ల?" అన్నాను.

"నువ్వే రాసినవ్ గద" అన్నాడు. వెతుక్కోకుండా కంఠతా చెప్పాడు. "ఈ పుస్తకంలో ఏ పేజీ అయినా చదివేవాళ్ల దారికి అడ్డం వస్తే దాన్ని తీసేసే హక్కు అందరికీ ఉంది. రాసినవాళ్లు నొచ్చుకోకూడదు."

నేనే రాశాను. పదకొండో పేజీలో. అప్పుడు ఎంత గొప్పగా రాశానని నన్ను నేనే మెచ్చుకున్నానో.

ఆ తర్వాత జరిగింది చెప్తే నమ్మరు. నా ముందే కురుమూర్తి సార్‌కు ఫోన్ చేశాడు. మొదట రెండు నిమిషాలు ఆరోగ్యాలు అడిగాడు. నేను, శైలజ ఒకరినొకరు చూసుకున్నాం. తర్వాత గబుక్కున అనేశాడు. "సార్, సున్నా చాప్టరు తీసేస్తున్న... లేదు సార్, మంచిగనే ఉంది... అర్షియా చాప్టరు గూడ తీసేసిన... అవును సార్, మొత్తం... ఇగ మీది ఉంచితే ఆమె ఊకుంటదా సార్? ఆమె సంగతి మీకు తెల్వదా?" కురుమూర్తి సార్‌కు నా సంగతి తెలుసు. ఒప్పుకున్నాడు. అంటే నా అధ్యాయం పోవడమే కాదు, నా నోరు కూడా ఆయనకు పనికొచ్చింది. జిల్లా అంతా నన్ను చూపించి భయపెట్టి పుస్తకం సన్నగా చేశాడు.

ఆశీర్వాదం గారి దగ్గరికి మాత్రం ఇద్దరం పోయాం. సందేశం వద్దని చెప్తుంటే ప్రభుదాసు మెడ గోక్కోవడం నేను చూశాను. పెద్దయ్య మీసం దువ్వుకున్నారు. "తొమ్మిది పేజీలు వద్దు సరే. ఒక్క పేజీ?" అన్నారు. "వద్దు పెద్దయ్యా." "పోనీ, ఫోటో?" ప్రభుదాసు నా వైపు చూశాడు. నేను కావాలనే గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. "వద్దు పెద్దయ్యా" అన్నాడు. పెద్దయ్య ఆయనను ఎగాదిగా చూసి, "నీకు మాటలొచ్చినయ్ రా" అన్నారు. అచ్చు ఖర్చు మాత్రం ఆపలేదు.

జూన్‌లో పుస్తకం వచ్చింది. కోర్సు నిలబడింది. మొదటి రోజు నేను పోయాను. మొదటి పేజీ తెరిస్తే, కంప్యూటర్ ముందు కూర్చోండి, ఈ లైను టైపు చేయండి, అని ఉంది. కొత్త పిల్లలు వచ్చిన పది నిమిషాలకే వాళ్ల పేర్లు తెర మీద వరసగా దిగుతున్నాయి. ఒకటే నవ్వులు. కిటికీ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోకుండా ప్రభుదాసు దాని మీద పుస్తకాల కట్ట పెట్టాడు. అది మల్లమ్మ కూర్చునే చోటు. తోడు పనికి ఇంకెవరినీ తీసుకోలేదు. పూణెకు కబురు పంపాడు, పుస్తకం కూడా మేస్త్రీ తమ్ముడికిచ్చి పంపాడు. జవాబు రాలేదు.

క్లాసు అయ్యాక నేను అడిగాను. అడగాలని కాదు, నోరు ఊరుకోలేదు.

"అన్నా, మొత్తం వద్దు. నా చాప్టరులకెల్లి లారీ డ్రైవర్ల పేరా ఒక్కటి. చివరి పేజీల జాగ ఖాళీగనే ఉంది గద."

ఆయన పిల్లల కీబోర్డులు సర్దుతున్నాడు. తల ఎత్తలేదు. "వద్దు చెల్లె" అన్నాడు. ఈసారి ఆయనకు రవ్వంత కూడా కష్టం కాలేదు. మెడ కూడా గోక్కోలేదు. "టీ తాగుతవా?"

నాకు ఒళ్లు మండింది. ఇంట్లో మా అన్న పర్వేజ్ తప్ప నాతో ఇట్లా ఎవరూ మాట్లాడరు. మల్లమ్మ ఉన్నప్పుడు ఈ వద్దు ఎక్కడ పెట్టుకున్నావని అడుగుదామనుకున్నాను. ఆయన కిటికీ పక్క కుర్చీ మీది దుమ్ము తుడుస్తున్నాడు. అడగలేదు. నాకు టీ తాగాలని లేదు, బస్సుకు టైమవుతోంది కూడా. అయినా ఆయనకు వద్దని చెప్పలేకపోయాను. తాగుతా అన్నాను.